మూత లోపలి చుక్కలు

ఈ ఉదయం రైస్ కుక్కర్ మూత తీస్తే లోపలివైపు నిండా నీటి చుక్కలు. తుడవబోయిన చెయ్యి ఆగిపోయింది. ఈ పరాయి దేశంలో, క్యారీ అనే ఈ ఊళ్లో మా పక్కింట్లో ఉండిన జపాన్ మామ్మగారు గుర్తొచ్చారు. అలాంటి పొరుగును ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లిషే. నేను ఇంట్లో నాన్న దగ్గర ఇంగ్లిషు బైబిలు ముందు పెట్టుకుని చదువు నేర్చినదాన్ని. ఆవిడ పెళ్లయి ఇక్కడికొచ్చాక టీవీ చూసి మాటలు నేర్చారు. అందుకే ఒకరి తప్పులు ఒకరికి కనబడేవి కావు. నా పొడిపొడి అన్నం రుచి చూసి, "ఏ మెతుకుకా మెతుకే. అన్నదమ్ములు పోట్లాడుకున్నారా ఏమిటి?" అనేవారు.

ఆవిడ అన్నగారు యుద్ధకాలంలో డిస్ట్రాయర్ అనే చురుకైన యుద్ధనౌక మీద పనిచేశాడట. పెద్ద ఓడలకు కాపలా కాయడం, మునిగిన ఓడలవాళ్లను నీళ్లలోంచి లాగడం, దీవుల్లో ఆకలితో ఉన్న సైనికులకు చీకటి మాటున బియ్యం చేరవేయడం దాని పని. సెలవుకొచ్చినప్పుడు, "ఫిరంగులు పేల్చింది తక్కువ, మూటలు మోసింది ఎక్కువమ్మా" అని తల్లిని నవ్వించాడట. ఆ తల్లి పూటపూటా కొడుకు వంతు అన్నం గిన్నెలో పెట్టి మూత వేసేది. దూరాన ఉన్నవాళ్లకి అలా పెట్టడం వాళ్ల ఆచారం. కాసేపాగి మూత తీస్తే, లోపల చుక్కలుంటే మనిషి క్షేమం.

ఒకనాడు ఆ ఓడకు నీటి అడుగున దూసుకొచ్చే టార్పెడో బాంబు తగిలింది. రెండు ముక్కలై మునిగిపోయింది. ఇంటికి అస్థికలు ఉండాల్సిన పెట్టె, తెల్లగుడ్డ చుట్టి, ఖాళీగా వచ్చింది. "ఇందులో లేడంటే ఎక్కడో ఉన్నట్టేగా" అని తల్లి గిన్నె పెట్టడం మానలేదు. బియ్యం దొరకని రోజులొచ్చాయి. గిన్నెలో చల్లారిన చిలగడదుంప ముక్క ఉండేది, దాంతో మూతకు చుక్కలు పట్టేవి కావు. అమ్మ వచ్చేలోగా చిన్నకూతురైన మా మామ్మగారే మూత ఎత్తి, లోపల నోటి ఆవిరి ఊది, మళ్లీ మూసేసేది.

"నా ఊపిరి చూసుకుని, తను చనిపోయేదాకా ఎదురుచూసింది మా అమ్మ. మీ దేవుడు నన్నేమంటాడు?" పోయిన చలికాలం జబ్బుపడి మంచంలోంచి అడిగారు మామ్మగారు.

ఇంటికెళ్లి వేడన్నం గిన్నెలో పెట్టి, మూత వేసి తెచ్చాను. ప్రార్థన చేసి, ఆవిడ చేతనే మూత తీయించాను. నిండా చుక్కలు. చాలాసేపు చూసి, ఒకదాన్ని వేలితో తాకారు.

"ఇవి నేను ఊదినవి కావు" అన్నారు.

ఆ వారంలోనే కన్నుమూశారు. ఇవాళ కుక్కర్ మూత తుడవకుండానే పక్కన పెట్టాను. అన్నం చల్లారడానికి ఎంతసేపు? ఆ ఎదురుచూపు చల్లారడానికి మాత్రం ఒక తల్లి కాలమూ, ఒక కూతురి కాలమూ కూడా చాలలేదు.