వడ్రంగి అని రాయడానికి ఎనిమిదేళ్ళు

శనివారం బడి వదిలాక నందిగామలో బస్సెక్కుతుంటే కండక్టరు చెప్పాడు, "పంతులుగారూ, మీ పక్కింటి ఆచారిగారు పొద్దున పోయారటండీ" అని. టిక్కెట్టు తీసుకున్నానో లేదో గుర్తు లేదు. జగ్గయ్యపేటలో దిగేదాకా ఒక్కటే ఆలోచన. ఆయన అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.

ఆయన మా వీధిలో బండి చక్రాలు చేసే వడ్రంగి. మేం ఆచారిగారూ అని పిలిచేవాళ్ళం. కోదాడ వైపు నుంచి వచ్చే బండ్లవాళ్ళు వడ్లాయన అనేవాళ్ళు. ఎవరెలా పిలిచినా చెవి మీది పెన్సిలు సర్దుకుని "చూద్దామండీ" అనేవారు. పని ఒప్పుకోవడానికీ అదే మాట, కాదనడానికీ అదే మాట. ఏది ఎప్పుడో నాకు చివరిదాకా అంతుపట్టలేదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఆయన అల్లుడు, పని చేసుకునే పాకకి బోర్డు పెట్టాలన్నాడు. కుర్చీలూ బల్లలూ కూడా చేస్తున్నాం కనక 'ఫర్నిచర్ వర్క్స్' అని రాయిద్దామన్నాడు. ఈయన టేకు పలకని నున్నగా చిత్రిక పట్టి తగిలించారు గానీ, పేరు దగ్గర ఆగిపోయారు. నా దగ్గరికొచ్చారు.

"వడ్రంగి అనే రాయిద్దామనుందండీ. ఆ మాటకి అర్థమేంటో తెలీకుండా నెత్తిమీద ఎట్టా పెట్టుకోను? తెలుగు పంతులు గదా, చెప్పండి. మీకూ తెలీదంటే మావాడి మాటే రాయిస్తా."

అదెంత పని అనుకున్నాను. నిఘంటువు తీస్తే, సంస్కృతంలో వర్ధకి అని ఉంది. దాని ధాతువుకి కోయడం అని అర్థం. ఆ సాయంత్రమే వెళ్ళి "కోసేవాడు" అని చెప్పేశాను. ఆయన మొహం చిన్నబోయింది. "కొయ్యడానికేముందండీ, కట్టెల అడితీలో పుల్లలు కూడా కోస్తారు" అన్నారు.

మళ్ళీ వెతికాను. వృద్ధి అనే మాటకీ దీనికీ చుట్టరికం ఉందని ఒకరన్నారు. "పెంచేవాడండీ!" అన్నాను. ఆయన పాకంతా పరుచుకున్న చిత్రిక పొట్టు చూపించి నవ్వారు. "నా చేతిలో పడ్డ కర్ర తరగడమే గానీ పెరగడం నేను చూళ్ళేదు." పోనీ, రైతులు కూలికింద వడ్లు కొలుస్తారు కనక వడ్లాయన అయ్యారేమో అన్నాను. "మన మెట్టలో నాకు పోసింది జొన్నలే గదండీ!" చదివేవాళ్ళకి నవ్వు రావచ్చు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు.

నందిగామకి బదిలీ అయ్యాక అక్కడి పెద్ద పంతులుగారు ఆ ధాతువుకే నింపడం అనే అర్థం కూడా ఉందన్నారు. కోయడమూ నింపడమూ రెండూనా! తల తిరిగినా సంతోషమేసింది. బస్సు దిగి తిన్నగా పాకకే వెళ్ళాను. ఆయన చక్రం చుట్టూ వంపు చెక్కలు బిగిస్తున్నారు. రెండు చెక్కల మధ్య గోరు దూరేంత సందు కనిపించింది. ఉత్సాహం పట్టలేక, "మీరు నింపేవారండీ! ముందీ సందు నింపండి, పొరపాటు జరిగింది" అన్నాను.

ఆయన ఉలి కింద పెట్టారు.

"పొరపాటు కాదండీ, కావాలనే వదిలా. ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడుగుతాం. నీళ్ళు పోస్తే అది బిగుసుకుని సందు మూసుకుపోద్ది. సందే లేకపోతే చెక్కలు ముందే ఒకదానికొకటి ఆనుకుని, మధ్యనుంచి వచ్చే ఈ ఆకులు బిగియవు." ఆ సందులో గోరు పెట్టి చూపించారు. "మరి నేను నింపేవాణ్ణెట్టా అవుతాను? ఖాళీ వదలడమేగా నా పని."

ఏళ్ళ తరబడి ఆ చక్రాల పక్కన ఉంటూ ఆ సంగతి తెలుసుకోనందుకు సిగ్గుపడ్డాను. అయినా తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "ఇంకా వెతుకుతున్నాను" అనేవాణ్ణి. "చూద్దామండీ" అనేవారు. అల్లుడు గొణిగేవాడు. అలా ఎనిమిదేళ్ళు పలక ఖాళీగా వేలాడింది. ఎవరడిగినా "పంతులుగారు చెప్పాలి" అనేవారట, అదీ ఎగతాళి లేకుండా. అంత నమ్మకం నా మీద ఇంకెవరూ పెట్టుకోలేదు. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను, అందుకే బాధగానూ ఉంది.

దినవారాలయిన మర్నాడు వెళ్తే, పెయింటరు నిచ్చెన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన కూతురు అడిగింది, "ఏం రాయించమంటారండీ? మిమ్మల్నే అడగమన్నాడు నాన్న."

"వడ్రంగి అని రాయించమ్మా."

"అర్థం దొరికిందాండీ?"

"లేదమ్మా. నాకు తెలియలేదు."

ఈ ముక్క ఆయనతోనే అని ఉండాల్సింది. అల్లుడు నా మొహం చూసి, పెయింటరుకి తలూపాడు.

రంగు ఆరకముందే కోదాడ వైపు బండి ఒకటి వచ్చి ఆగింది. ఒక చక్రం వదులై ఊగుతోంది. బండాయన దిగి పైకి చూసి, "ఏం రాసిండ్రు సారూ?" అన్నాడు.

"వడ్రంగి" అని చదివాను.

"గది నాకెరికే గద" అంటూ తలగుడ్డతో మొహం తుడుచుకుని పాకలోకి కేకేశాడు, "వడ్లాయనా! ఓ వడ్లాయనా! జర బయటికి రా!"

నిచ్చెన మీద పెయింటరు కుంచె ఆపాడు. వినబడలేదేమో అనుకుని, బండాయన ఇంకాస్త గట్టిగా పిలిచాడు.