రోజెట్ నెబ్యులాకు అయిదో రాత్రి

కాట్రేనికోన హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే ఇందిరకు నలభై ఆరేళ్లు. పెరట్లో దగ్గరుండి పోయించుకున్న సిమెంటు దిమ్మ మీద టెలిస్కోపు, దానికి నెబ్యులాలు తీసేందుకే చేసిన కెమెరా. కరెంటు హెచ్చుతగ్గులకు భయపడి అన్నిటినీ ఒక లారీ బ్యాటరీ మీద నడిపేది.

ఆ జనవరిలో ఆమె రోజెట్ నెబ్యులా వెంట పడింది. గులాబీలా విచ్చుకున్న ఎర్రటి వాయుమేఘం అది, కంటికి ఆనదు. అయిదేసి నిమిషాల ఫొటోలు వందకు పైగా తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరిస్తేగానీ రూపం తేలదు. నాలుగు రాత్రులు తీసింది. ఇదే ఆఖరిది. రేపటినుంచి వెన్నెల అడ్డం.

పదిన్నరకు ఊరంతా కరెంటు పోయింది. పక్క రొయ్యల చెరువు లైట్లు ఆరిపోయాయి. అంత చీకటి ఆమె ఎన్నడూ ఎరగదు. తెర మీద పడ్డ ఫొటోలో ఎరుపు ఎంత తేటగా ఉందో! ఊపిరి బిగబట్టి ఇంకొకటి మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది, చెరువులో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు కూడా లేదని. జనరేటరు ఇంకా ఎందుకు మోగలేదు?

"టీచరుగారండీ!" గట్టు మీంచి ముసలయ్య కేక. ఆ చెరువు అతనిదే. "జనరేటరు బ్యాటరీ చచ్చిపోయిందండీ. రొయ్య పైకి తేలిపోతందండీ. మీ బ్యాటరీ ఓసారి ఇత్తారాండీ?"

"ఎంతసేపు తట్టుకుంటాయండీ?"

"అరగంట కూడా కష్టమేనండీ. వచ్చేవారమే పట్టుబడి, రొయ్యంతా పట్టి అమ్ముకోవాలండీ."

ఇంకో మూడు నిమిషాలుంటే ఈ ఫొటో పూర్తవుతుంది. మూడు నిమిషాలే కదా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. వైర్లు పీకేసింది.

ఇద్దరూ బ్యాటరీని చెరో పక్క పట్టుకుని, మంచుకు జారుతున్న గట్టు మీద నడిచారు. టార్చి వెలుగులో నీళ్లంచున రొయ్యలు గుంపులుగా తేలి కనిపించాయి. ముసలయ్య టార్చి పట్టుకుంటే జనరేటరు క్లిప్పులు ఆమే బిగించింది. ఇంజను ఒకసారి మూలిగి ఆగింది. రెండోసారీ అంతే. క్లిప్పుకు పట్టిన తుప్పును తాళంచెవితో గీకింది. మూడోసారికి అందుకుంది. ఏరియేటర్లు నీళ్లు చిమ్మాక ముసలయ్య అక్కడే కూలబడ్డాడు.

ఈశాన్యం మూల కొంత రొయ్య పోయింది. మిగతాది బతికింది. ఆమె పెరట్లోకి వచ్చేసరికి టెలిస్కోపు అద్దం నిండా చెమ్మ, ఆకాశం నిండా మంచు.

ఉన్నవాటితోనే బొమ్మ పూర్తిచేసింది. పువ్వు వచ్చింది గానీ, ఫొటోలు చాలక అంచుల్లో గరుకు పోలేదు. పట్టుబడి అయ్యాక ముసలయ్య వచ్చి దాన్ని చాలాసేపు చూశాడు.

"మావల్ల పాడైపోయిందాండీ?"

"కొంచెం పాడైందండీ," అంది ఇందిర, అబద్ధమాడబుద్ధి కాక.

"ఆయ్," అన్నాడతను. కుర్చీ దగ్గరికి లాక్కుని, మళ్లీ చూడసాగాడు.