ఉచ్చీరప్ప ఎడమ కాలు

ఆదోని మెకానిక్ మాదన్న ఆ చిన్న కారు కింద నుంచి పాకి బయటికొచ్చి, మాడి నల్లబడ్డ క్లచ్ ప్లేటును డ్రైవరు ఉచ్చీరప్ప చేతిలో పెట్టాడు. ఉగాదికి కొత్త లైనింగు వేయించిన ప్లేటు. మిల్లులకు పత్తి రాకముందే అరిగి కూర్చుంది.

ఉచ్చీరప్పకు కోపం కూడా రాలేదు, అంత అలసిపోయి ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కారు అది. రేడియేటరుకు నీళ్లు పోయడం, ట్యూబులకు అతుకులు వేయడం, ఆగితే దిగి తోయడం, అంతా ఆయన పనే. కారు యజమాని, ఎమ్మిగనూరు సావుకారు సిద్దప్ప ఈసారి తెగేసి చెప్పాడు: "ఇంగొకసారి క్లచ్ పోతే కారును పాత ఇనుముకు ఏసేస్తా. నువ్వు యాడన్నా పని సూసుకో." అరవైకి దగ్గరపడ్డవాడికి పని ఎవరిస్తారు?

"తప్పు కారుది కాదన్నా," అన్నాడు మాదన్న. "నిన్న నీ పక్కన కూసోని సూసినా. నీ ఎడమ కాలు క్లచ్ మీద నుంచి దిగనే దిగదు. అట్ల ఆనించి తోలితే ప్లేటు జారి మాడిపోతాది."

కారు రాకముందు ఉచ్చీరప్ప ఇరవై ఏళ్లు సావుకారు పత్తి బండి తోలాడు. ఎడమ కాలు ఎద్దుల మధ్యకు సాగే నొగ కర్ర మీద ఆనించి, వేళ్లు ఎద్దు తొడకు తగులుతుంటేనే బండి తన చెప్పుచేతల్లో ఉన్నట్టు ఉండేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఈయన కాలికి మాత్రం పుడకల దాకా గడువు లేదు.

మాదన్న కొత్త ప్లేటు వేసి పంపాడు. ఎమ్మిగనూరు చేరాక ఉచ్చీరప్ప సావుకారు దొడ్డికి వెళ్లాడు. వంటచెరకు కోసం విరగ్గొట్టి పడేసిన, తను తోలిన పాత బండి అక్కడుంది. దాని నొగ నుంచి జానెడు ముక్క కోసి, క్లచ్ పక్కన కారు నేలకు బిగించాడు.

మర్నాడు ఆదోని దారిలో కారు ఎత్తులన్నీ గుక్క తిప్పుకోకుండా ఎక్కింది.

"బాగయిందే," అన్నాడు వెనక నుంచి సిద్దప్ప. "ఇంగ కొన్నేండ్లు అమ్మే పనిలేదులే."

"సరే సామీ."

ఎడమ కాలు కదలకుండా చెక్క మీదే ఉంది. వేళ్లు మాత్రం దాని అంచు దాటి ముందుకు తడుముకుంటున్నాయి. ఎద్దులను జాతరలో అమ్మినప్పుడు ఏడవని ఉచ్చీరప్పకు ఇప్పుడు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందన్నట్టు కళ్లు తుడుచుకుని గేరు మార్చాడు.