ఎత్తని ఫోన్

నాకు తమిళం చదవడం నేర్పింది బడి కాదు, బస్సు. డ్రైవరు తలపైన ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని తమిళంలో రాసి ఉండేది. పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి పోతూ వస్తూ ఆ అక్షరాలనే కూడబలుక్కున్నాను. ఇప్పుడు ఆ రాతను లెక్కచేసేవాడేడీ? చెవికీ భుజానికీ నడుమ ఫోన్ ఇరికించుకుని ఒంటిచేత్తో మలుపు తిప్పే మహానుభావులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొహం మీదే తిట్టిన రోజులూ ఉన్నాయి.

అలాంటి నేనే మొన్న ఒకావిడను తొందరపెట్టాను.

ఆవిడ ఆ దారిలోనే షేర్ ఆటో నడుపుతుంది. బండి కదిలేముందు తన ఫోన్ వెనక సీట్లోని పెద్దవాళ్ళ చేతికివ్వడం అలవాటు. ఆ రోజు నాకిచ్చింది.

“నా కూతురికి తిరువళ్ళూరు ఆస్పత్రిలో నొప్పులు మొదలైనాయయ్యా. మిమ్మల్ని దించేసి రైలెక్కుతా. మోగితే చెప్పండి, అంతే.”

సగం దారిలో మోగింది.

“నీ అల్లుడమ్మా! ఎత్తు!”

“ఇప్పుడొద్దయ్యా.”

“పోనీ, నేను మాట్లాడి చెప్తాను.”

“మీరు మాట్లాడితే నా చెవి ఆడనే ఉంటాది. ముందర బడిపిల్లోళ్ళ సైకిళ్ళు పోతాండాయి, చూడలేదా?”

పక్కనున్న పూలమ్మే ఆమె కిసుక్కున నవ్వింది. “పెద్దాయన్నే తిట్టేసినావు కదక్కా!”

సైకిళ్ళు దాటాక పంక్చర్ షాపు ముందు ఖాళీ చూసి బండి ఆపింది. తాళం తిప్పి, దిగి, అప్పుడు ఫోన్ అందుకుంది. రెండే మాటలు.

“బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆపరేషన్‌కి తీసకపోయినారంట.”

“సీక్రం పోనీ అక్కా! మేం మధ్యలో యాడా దిగం, నేరుగా స్టేషన్‌కే పోదాం” అంది పూలామె.

ఆవిడ తన చేతులు చూసుకుంది. వణుకుతున్నాయి.

“ఈ చేతులతో నేను తోలను.”

స్టాండుకు ఫోన్ చేసి ఇంకో ఆటోను రమ్మంది. అది వచ్చేదాకా, కూతురు ఆపరేషన్ గదిలో ఉన్న ఆ తల్లి, ఎండలో రోడ్డు పక్కన నిలబడింది. మా ప్రాణాల కోసం. ఈ దారిలో తిరగబట్టి యాభై ఏళ్ళు దాటింది. ఇంతటి డ్రైవరును నేను చూడలేదు.

వచ్చిన ఆటోలో మాతోపాటే వెనక ఇరుక్కుని కూర్చుంది. తిరుత్తణి పొలిమేరలో మళ్ళీ ఫోన్. ఈసారి మొదటి మోతకే ఎత్తింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“ఆడబిడ్డంట! ఇద్దరూ బాగుండారంట!”

“ఏమంటక్కా, ఏమంట?” అంటూ కొత్త డ్రైవరు వెనక్కి తిరగబోయాడు.

“నువ్వు ముందర చూడప్పా!” అని ఆటో మొత్తం ఒక్కసారిగా అరిచాం.