బార్బడోస్‌లో నా ఫామ్‌హౌస్ తెలివి

సముద్రం మధ్యలో ఉన్న ఖరీదైన దీవికి వెళ్లి, పెద్దగా ఖర్చు లేకుండా నెల రోజులు ఎలా ఉండాలో నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెబుతాను కూడా. కాకపోతే నా పద్ధతిలో వెళ్లినవాళ్లు తమ పరువును ఆ దీవిలోనే వదిలేసి రావాలి. నాది ఇంకా అక్కడే ఉంది.

నా భార్య ఎస్తేరు నర్సు. చేవెళ్ల చర్చిలో మా పెళ్లయిన ఆరు నెలలకే ఆమెకు బార్బడోస్‌లో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. క్రికెట్ చూసేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మా అవ్వకు మాత్రం కొత్త.

“గండిపేటంత చెరువన్న ఉంటదారా ఆడ?” అని అడిగింది.

“చుట్టూ చెరువే అవ్వా.”

ఏడాది పాటు ఫోన్‌లోనే కాపురం చేశాక, నెల రోజులు ఆమెతో ఉండి రావాలని బయలుదేరాను. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎస్తేరు ఉండేది నర్సుల హాస్టల్లో. అక్కడ మొగుడైనా సరే, సాయంత్రం దాకా ముందుగదిలో కూర్చోవచ్చు, తర్వాత బయటికి నడవాల్సిందే. అంటే నాకు గది కావాలి.

“రూములు మస్తు పిరం ఇక్కడ. ముందే చూసుకొని రా” అంది ఎస్తేరు.

“ఫికర్ చెయ్యకు. రూము సంగతి నాకొదిలెయ్” అన్నాను.

ఆ ధీమా ఎక్కడిదంటారా? నేను చేసేది ఫామ్‌హౌస్‌ల బేరాలు. మొయినాబాద్ నుంచి జన్వాడ దాకా ఏ గేటు వెనక ఏముందో నన్నడగండి. కోట్లు పోసి బంగళా కట్టించుకున్న సేటు ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. ఏడాదంతా ఆ చల్లగాలి తినేది వాచ్‌మనే. మా చుట్టాలు ఎవరైనా పెళ్లికో పేరంటానికో వచ్చి చోటు చాలకపోతే, నేను ఒక వాచ్‌మన్‌ను పట్టుకునేవాణ్ణి, వెనక గది తెరుచుకునేది. ఖర్మకాలి సేటు అప్పుడే వచ్చాడనుకోండి, దానికీ నా దగ్గర మంత్రం ఉండేది: “సార్, కస్టమర్. ఇల్లు చూడనీకి వచ్చిండు.” అంతే, సేటు కోపం దిగిపోయేది. అమ్మే ఉద్దేశం లేనివాడు కూడా రేటు ఎంతో వినడానికి కుర్చీ వేసుకునేవాడు. ఆ మంత్రం ఎన్నడూ తప్పలేదు. తప్పి ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

బార్బడోస్‌లో దిగాను. మొదటి గెస్ట్‌హౌస్ ఆవిడ రేటు చెబితే “వారానికా?” అన్నాను. “రాత్రికి” అంది. అదే డబ్బుతో మా చేవెళ్లలో ఫంక్షన్ హాల్ వస్తుంది, షామియానా కూడా. తర్వాత చూసిన గది ఇంకా పిరం, దానికి కిటికీ కూడా లేదు. మూడోచోట అడగడానికి ధైర్యం చాలక మంచినీళ్లు తాగి వచ్చేశాను. చివరికి మొదటి గెస్ట్‌హౌస్‌లోనే దిగాను. నేను తెచ్చుకున్న డబ్బు వారం దాటేలా లేదు.

“గట్లయితే వారానికే వాపస్ పోతవా?” అంది ఎస్తేరు. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది. చీర మడత పెడుతూ, నా వైపు చూడకుండా అంది.

మర్నాడు రోషంతో ఊరిమీద పడ్డాను. బీచికి ఎగువన, గుట్టమీద ఒక వీధిలో కనిపించిందండీ ఇల్లు! పెద్ద వరండా, మూసిన కిటికీలు, గోడ నిండా కాగితం పూలు. ముందు ఒక ముసలాయన, చినిగిన గడ్డి టోపీ, మాసిన నిక్కరు, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో నీళ్ల పైపు. నా ప్రాణం లేచొచ్చింది. ఎన్ని సముద్రాలు దాటినా వాచ్‌మన్‌ను గుర్తుపట్టలేనా నేను?

మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా, నా మనసులో నడిచింది మా ఊరి మాటే కాబట్టి అలాగే రాస్తున్నాను.

“పెద్దాయనా, ఈ ఇల్లు నువ్వే చూసుకుంటవా?”

“నేనే. నా పెళ్లయినప్పటి నుంచీ.”

“ఓనర్ సారు గిట్ల వస్తడా?”

ఆయన పైపు పక్కకు తిప్పి నన్ను కిందికీ మీదికీ చూశాడు. “ఓనర్‌తో ఏం పని?”

“ఆయనతోని పని లేదు, నీతోనే.” గేటు పట్టుకొని నా గోడు మొత్తం చెప్పాను. పెళ్లి, ఏడాది, హాస్టలు, కిటికీ లేని గది, అన్నీ. చివర గొంతు తగ్గించి, “వెనక ఒక గది ఇయ్యి. ఓనర్‌కు తెల్వనియ్యను” అన్నాను.

ఆయన పైపు మళ్లీ కాగితం పూల వైపు తిప్పాడు. తర్వాత అన్నాడు: “డబ్బు వద్దు. నా మోకాళ్లు బాగాలేవు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు, వాకిలి ఊడవడం, కోళ్లకు గింజలు. చేస్తావా?”

“మరి ఓనరు?”

“ఆయన్ని నేను చూసుకుంటాను.”

ఆయన పేరు డెస్మండ్. నేను గాలిలో తేలుతూ ఎస్తేరుకు ఫోన్ చేశాను. “జర దిమాక్ ఉంటే చాలు! ఒక్క పైస లేకుంట కుదిర్చిన.”

“పాపం, మనవల్ల ఆ తాత నౌకరి పోతదేమో. ఓనర్‌నే సీదా అడగరాదు?”

“నీకు తెల్వదు, ఊకో.”

ఇక ఆ రోజుల గురించి ఏం చెప్పమంటారు! పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేవాణ్ణి, నీళ్లు పట్టేవాణ్ణి, కోళ్ల వెంట పరిగెత్తేవాణ్ణి. డ్యూటీ దిగి ఎస్తేరు వచ్చేది. డెస్మండ్ చేపలు వేయించేవాడు, బ్రెడ్‌ఫ్రూట్ అని పనసకు తమ్ముడిలాంటి కాయను కాల్చి పెట్టేవాడు. ఎస్తేరు కోడికూర వండితే చెమటలు కారుతున్నా మళ్లీ వేయించుకునేవాడు. ఆ నెల ఆయన మాకు ఇచ్చింది నిజానికి ఫోన్‌లోనే మిగిలిపోయిన మా కాపురం. ఆయన రుణం నేను తీర్చుకోలేను, తీరాలని కూడా లేదు.

ఇంత మంచివాడికి అన్యాయం జరుగుతుంటే నేను ఊరుకుంటానా?

“నెలకు జీతమెంత ఇస్తడు నీకు?” అని అడిగాను ఒకరోజు.

“ఏమీ ఇవ్వడు.”

“ఏమీ ఇయ్యడా! గింత పెద్ద ఇల్లు పెట్టుకొని? ఎంత పిసినారోడు!”

“చాలా పిసినారి” అన్నాడు డెస్మండ్, తల ఊపుతూ. “నా భార్య కూడా అదే అనేది.”

అప్పటి నుంచి రోజూ అన్నం దగ్గర ఓనర్‌ను తిట్టడం నాకొక అలవాటైంది. డెస్మండ్ శ్రద్ధగా వినేవాడు. ఒక్కోసారి నేను మరిచిపోతే ఆయనే గుర్తుచేసేవాడు. వరండాలో పెద్ద కుర్చీలో కూర్చుంటే మాత్రం నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. “లే లే, అది ఓనర్ కుర్చీ. చూస్తే బాగుండదు.” పాపం, లేచేవాడు.

ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చాం. డెస్మండ్ రొట్టె తేవడానికి దుకాణానికి వెళ్లాడు. నేను చీపురు పట్టుకొని ఉన్నాను. గేటు ముందు కారు ఆగింది. మంచి బట్టల్లో ఒకావిడ, చేతిలో సూట్‌కేసు, ఇంటి తాళంచెవులు.

ఓనరమ్మ! డెస్మండ్ నౌకరి, నా గది, ఎస్తేరుతో మిగిలిన రోజులు, అన్నీ కళ్ల ముందే కొట్టుకుపోతున్నాయి. చీపురు కాగితం పూల చాటుకు విసిరి, జేబుల్లో చేతులు పెట్టి, మంత్రం అందుకున్నాను.

“నమస్తే మేడం. నేను కస్టమర్‌ను. ఇల్లు కొననీకి వచ్చిన.”

“ఇల్లా? ఏ ఇల్లు?”

“ఇదే. రేటు ఇంచుమించు కుదిరినట్టే.” కస్టమరన్నాక లోపాలు ఎంచాలి కదా, ఎంచాను. “వరండా పాతది, కూలగొట్టిస్త. ఆ మామిడిచెట్టు తీసేసి స్విమ్మింగ్ పూల్ తవ్విస్త.”

ఆవిడ మొహం పాలిపోయింది. “ఆ చెట్టు మా అమ్మ నాటింది” అంది.

సరిగ్గా అప్పుడే రొట్టె చంకన పెట్టుకొని డెస్మండ్ గేటులోకి వచ్చాడు. ఆవిడ సూట్‌కేసు వదిలేసి గట్టిగా అరిచింది: “నాన్నా! నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు అమ్మేస్తున్నావా?”

ఆ నాన్న ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక కోళ్లు తప్ప ఎవరూ లేరు. ఎస్తేరుకు నాకంటే ముందే అర్థమైంది. నా మోచేయి పైన గిల్లిన గిల్లుడు ఆదివారం నుంచి బుధవారం దాకా ఉంది.

డెస్మండ్ నా వైపు చూడనే లేదు. ముందు కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. “ఎవరూ ఏదీ అమ్మడం లేదు తల్లీ.”

“మరి ఇతనెవరు?”

నేను అప్పటికే మనసులో బట్టలు సర్దేసుకున్నాను.

“ఇతనా? మన కొత్త వాచ్‌మన్” అన్నాడు డెస్మండ్. “పని బాగా చేస్తాడు. జీతం అడగడు. ఓనర్‌ను మాత్రం రోజూ తిడతాడు.”

ఇన్నాళ్లూ వాచ్‌మన్‌ను బుట్టలో వేసుకున్నానని మురిసిపోయిన నాకు, ఆ ఇంట్లో వాచ్‌మన్ ఎవరో ఆ క్షణాన తెలిసింది. కాళ్లమీద పడబోయాను. “తప్పైంది సార్. ఇప్పుడే ఖాళీ చేస్త.”

ఆయన నా భుజం పట్టి లేపాడు. “నా భార్య పోయాక ఈ ఇంట్లో నన్ను తిట్టే దిక్కు లేకుండా పోయింది. ఎక్కడికి వెళ్తావు? ఉండు.”

నేను పూల చాటు నుంచి చీపురు వెతికి తెచ్చుకున్నాను. ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. కూతురు మాత్రం ఇంకా కోపంగానే, “చెట్టు జోలికి వెళ్లావంటే చూడు” అంది. భోజనానికి కూర్చున్నాక ఆవిడా నవ్వింది. నేను చేవెళ్లకు తిరిగి వచ్చాక ఎస్తేరు హాస్టల్ వదిలి, ఉద్యోగం అయిపోయేదాకా ఆ గదిలోనే ఉంది. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆమెకంటే ఎక్కువసేపు డెస్మండే మాట్లాడేవాడు.

కాబట్టి బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఎస్తేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఓనర్ ఎవరో తెలుసుకోకుండా ఇక జన్మలో ఏ ఓనర్‌నూ తిట్టను. డెస్మండ్ సార్ ఒక్కరికే మినహాయింపు. ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేసి మరీ తిట్టించుకుంటాడు.