కాలేషా మామ విప్పేసిన అక్షరాలు

నరసరావుపేటలోని మా ప్రెస్సులో కాలేషా మామది ముప్పై ఏళ్లు సీసం అక్షరాలు పేర్చిన చెయ్యి. ఆ అచ్చు మిషను పాతసామాను కొట్టుకు పోయాక కాగితాలు కోస్తూ, కార్డులు మడుస్తూ నెట్టుకొచ్చాడు. అరవై దాటిన ఆ మనిషికి కంప్యూటర్ నేర్పే పని, దాని మీద కార్డులు కొట్టే నా మెడకు చుట్టారు. నేను కాన్పుకు వెళ్లేలోగా ఆయన నా కుర్చీలో కూర్చోగలిగితే సరేసరి, లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుని ఆయన్ను ఇంటికి పంపేస్తానని ఓనరు రవిశంకర్ గారు తేల్చేశారు.

"ఫైలు మూసేస్తే యాడికి పోద్ది నీరజమ్మా?"

"యాడికీ పోదు మామా, ఫోల్డర్లో ఉంటది."

"మరి ఫోల్డర్ మూసేస్తే?"

రోజుకు పదిసార్లు ఇదే గోల. ఫోల్డర్లో ఇంకో ఫోల్డర్ కూడా పెట్టొచ్చని చెప్పిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. నాకు అసలే నెలలు నిండుతున్నాయి, నడుము లాగేస్తోంది, పైగా ఈ పాఠాలు! రెండుసార్లు కసిరాను కూడా. అయినా నేర్చుకున్నాడు. ఊరి పేరుతో ఫోల్డర్, అందులో పెళ్లికూతురి పేరుతో ఫైలు. నాకంటే ముచ్చటగా సర్దాడు.

సోమవారం పొద్దున్నే ఎడ్లపాడు పెళ్లివారు దిగారు. కార్డులు చాల్లేదు, ఇంకో వంద కావాలి, మధ్యాహ్నం బస్సుకు పోవాలి అన్నారు. ఫైలు తెరిచాను. తెల్లగా ఉంది. మాచర్ల వాళ్లది తెరిచాను, గురజాల వాళ్లది తెరిచాను. మామ చేసిన పదకొండు ఫైళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఒక్క అక్షరం లేదు. వైరస్సో, నా ఖర్మో అర్థం కాలేదు.

"ఏందయ్యా కాలేషా ఇది?" ఓనరు గారి గొంతు బజారంతా వినిపించింది.

మామ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏముంది బాబూ? అచ్చయిపోయింది గదా. అక్షరాలు విప్పేసి యాడియి ఆడ పెట్టేశా."

"యాడ పెట్టావ్?"

ఆయన కీబోర్డు చూపించాడు.

"లేకపోతే రేపటి కార్డుకి అక్షరాలు యాణ్ణించి వస్తయ్?"

అప్పుడు వెలిగింది నాకు. సీసం రోజుల్లో అచ్చు కాగానే పేర్చిందంతా విప్పి, ఏ అక్షరాన్ని ఆ అరలో వేసేయాలి. పెళ్లిళ్ల రోజుల్లో 'శ్రీ'లు చాలక ఒక కార్డు విప్పితేగాని ఇంకోటి మొదలయ్యేది కాదట. ఆ అలవాటున, కార్డు అచ్చయిన ప్రతిసారీ చివర్నుంచి ఒక్కో అక్షరమే చెరిపి, సేవ్ కొట్టి మరీ మూసేవాడు. నేను చూశాను కూడా. ప్రాక్టీసు చేస్తున్నాడనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"ఇంక నువ్వు రావద్దులే" అన్నారు ఓనరు గారు.

మామ కుర్చీలో కూర్చుని రెండు వేళ్లతో ఎడ్లపాడు కార్డు కొట్టడం మొదలుపెట్టాడు. పెళ్లివారి చేతిలో ఉన్న కార్డు వంక కూడా చూడలేదు. మేనమామల పేర్లతో సహా మొత్తం గుర్తుంది! పదకొండున్నరకు పూర్తిచేశాడు. ఓనరు గారు రెండుసార్లు చదివారు, తప్పు దొరకలేదు.

"సర్లే, కూర్చో. ఇంకోసారి అక్షరం తీశావంటే మాత్రం ఊరుకోను" అని వెళ్లిపోయారు.

పెళ్లివారు వెళ్లాక మామ నా దగ్గరకొచ్చాడు. "తియ్యకపోతే ఎన్నాళ్లుంటది అమ్మాయ్?"

"మనం తీసేదాకా ఉంటది మామా."

"మా ఇంటిది పోయినప్పుడు నలభయ్యో రోజు కార్డు నేనే పేర్చా. మజ్జాన్నానికి ఇంకో పని వచ్చింది, అక్షరాలు చాల్లేదు. ఆమె పేరు నా చేత్తోనే విప్పేశా" అన్నాడు. నేను కసిరిన మాటలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

ఆయన కొత్త ఫోల్డర్ చేసి, అందులో ఒక ఫైలు పెట్టి, ఒక్క పేరే కొట్టాడు. సేవ్ చేశాడు. ఫైలు మూశాడు, ఫోల్డర్ మూశాడు, మళ్లీ రెండూ తెరిచాడు.

"ఉంది అమ్మాయ్" అన్నాడు.