నమూనా పాటకు కోలాటం

నేను బడిలో చదివింది మూడో తరగతి వరకే. ఆ తర్వాత చదువంతా శెనక్కాయల పొట్లాల మీదా, బస్సుల బోర్డుల మీదా సాగింది. హార్మోనియం కూడా అంతే, వాయించేవాళ్ల వేళ్లు చూసి పట్టుకున్నాను. అలాంటివాణ్ణి డెబ్బై దాటాక ఫోనులో పాట కొనాల్సి వచ్చింది.

పూతలపట్టు దగ్గర మా ఊళ్లో ఆడవాళ్ల కోలాటం జట్టుకు నలభై ఏళ్లుగా గురువును నేనే. పదహారు మంది ఆడతారు, నేను పాడతాను. పాట మధ్యలో "తిరగండమ్మా" అని కేకేస్తే కోపు మారుతుంది. అంటే అడుగూ, కోలలు తగిలించే వరసా రెండూ మారతాయి. కొందరు గురువులు దీనికి ఈల ఊదుతారు. ఈల బస్సు కండక్టరుకు అందం, గురువుకు కాదు.

మొన్న చలికాలంలో నా గొంతు బొంగురుపోయింది. తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు లైటు వేసి చూసి, "మాట్లాడొచ్చు పెద్దాయనా, పాడొద్దు" అన్నాడు. సరిగ్గా అప్పుడే తిరుమలలో ఊరేగింపు ముందు ఆడే వంతు మా జట్టుకు వచ్చింది.

జట్టులో ముందు నిలబడేది మా వీధి టైలరమ్మ. వరసకు నాకు కోడలు. కొండకు పంపాల్సిన పేర్ల కాగితం ఆమె దగ్గరే ఉంటుంది.

"ఆడేవాళ్లు పదహారు మంది, పాటకు ఒకరు మామా. పాట ఫోన్లో ఏసుకునేటట్లయితే ఆ ఒక్క పేరు మా ఆడబిడ్డది రాస్తామనుకుంటా ఉండాం. ఫోను పట్టుకునేదే గదా. నీకు యాల ఆ ఘాటు రోడ్డు కుదుపులు?"

"పట్టుకునేదానికి ఆమె, ఎతికేదానికి నేనా?"

"ఏది మంచి పాటో నీకే గదా తెలిసేది!"

నలభై ఏళ్లు కొండెక్కించినవాణ్ణి కింద వదిలేసి పోతారట. ఒళ్లు మండింది. అయినా వెతికాను.

కోలాటం పాటలని ఒక్కో అక్షరమే నొక్కితే ఏం వచ్చాయనుకున్నారు? పెళ్లి ఊరేగింపులో గుండెలదరగొట్టే డబ్బాల మోత. దానికి కోలాటం అని పేరు! ఒకదాంట్లో కోల తగిలేలోపే తాళం పారిపోతుంది. ఇంకోదాంట్లో కుక్క మొరిగింది. తాళం తప్పకుండా మొరిగింది, అది వేరే మాట.

నాలుగో రోజు ఒకటి దొరికింది. డోలకు, తాళాలు, అమ్మవారి పాట, సరైన నడక. అమ్మకానికి పెట్టారు. కొనేముందు వినడానికి నమూనా ఊరికే దింపుకోవచ్చు. అందులో మాత్రం మధ్యమధ్య ఒకావిడ గొంతు దూరుతుంది: "ఇది నమూనా మాత్రమే. అసలు పాట కొనుక్కోండి."

వంకాయ కూడా నొక్కి చూడనిదే కొనని మనిషిని. ముందు నమూనాతో ఆడదాం, కాళ్లకు నప్పితే కొందాం అన్నాను. రెండు వారాలు సాయంత్రాలు టైలరమ్మ ఇంటి ముందర దానితోనే సాధన. నా పాట అక్కర్లేనివాళ్లకు నా కేక మాత్రం ఎందుకని మూల కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాను. నేను కేకెయ్యకపోయినా కోపులు చక్కగా మారుతున్నాయి. అది చూసి ఇంకా మండింది.

చివరికి కొన్నాను. ఫోను ఏదో అంకె పంపింది, తిరిగి కొట్టాను, పాట వచ్చి పడింది. చేతికి బరువు తగలకుండా నేను కొన్న మొదటి వస్తువు అదే.

మర్నాడు అసలు పాట వేశాం. నిగనిగలాడుతోంది. కానీ ఒక్కరూ కోపు మార్చరే! ఆలస్యంగా ఇద్దరు తిరిగారు, ముగ్గురు ఆగారు, ఒకరి కోల టైలరమ్మ మోచేతికి తగిలింది.

"ఆపండే! ఆయమ్మ యాడికి పోయినాది?" అంది టైలరమ్మ మోచెయ్యి రుద్దుకుంటూ.

"ఏ అమ్మ?" అన్నాను.

"నమూనా అమ్మ, మామా! ఆమె చెప్తేనే గదా మేం తిరిగేది!"

అప్పుడు తెలిసింది. నా కేక లేని చోట ఆ ప్రకటననే పట్టుకున్నారు. ఎదురుగా కూర్చుని కూడా కనిపెట్టలేదు, నేనొక గురువుని!

"అయితే కొండ మింద నమూనానే ఏస్తాం" అంది ఫోను దగ్గర నిలబడ్డ ఆమె ఆడబిడ్డ.

"సామి ముందర నమూనానా? కొన్న పాట పెట్టుకోని? సిగ్గుండాల!" అని లేచి, పాట మళ్లీ వేయించి, "తిరగండమ్మా" అన్నాను. పాతవాళ్లు ఇద్దరే తిరిగారు. మిగతావాళ్లు రెండు వారాల అలవాటుకొద్దీ ఆ నమూనా మాట కోసమే ఆగి, వాళ్లను గుద్దుకుని పకపకా నవ్వారు.

టైలరమ్మ నా వైపు చూసింది. "మామా, పాడొద్దన్నారు గానీ మాట్లాడొచ్చన్నారు గదా. ఆయమ్మ మాట నువ్వే చెప్పు."

"ముసలితనంలో అంగడి ప్రకటన చెప్పాల్నా నేను?"

"చెప్పు మామా. రేపు కాగితం పంపాల."

చెప్పాను. బొంగురు గొంతుతోనే, పాట చరణం మారే చోట: "ఇది నమూనా మాత్రమే."

ఠక్! ముప్ఫై రెండు కోలలు, ఒకటే దెబ్బ.

పాట అయిపోగానే టైలరమ్మ కుట్టుమిషను సొరుగులోంచి కాగితం తీసి నా పేరు రాసింది.

"మరి ఫోనెవురు పట్టుకుంటారు?" ఆడబిడ్డ మొహం మాడ్చుకుంది.

"ఆయప్పే. చేతిలో ఫోను, నోట్లో నమూనా."

కొండ మీద, గోవింద నామాల హోరులో, వరసను ఆనుకుని నడుస్తూ ఆడేవాళ్లకు వినపడేటంత గట్టిగా ఆ ముక్కే చెప్పుకుంటూ పోయాను. ఒక్క కోల తప్పలేదు. ఆ పాట అమ్మినవాళ్లకు ఎవరైనా చెప్పండయ్యా, డబ్బులిచ్చి కొన్న తర్వాత కూడా వాళ్ల ప్రకటన వీధి పొడుగునా నేనే చేసిపెట్టానని.